నాగజెముడు నూగు

తొంభైల మొదట్లో పటాన్‌చెరులో నాకూ, మా ఫ్యాక్టరీలోనే పనిచేసే ఇంకొకతనికీ కలిపి ఒకే గది, ఒకే మంచం, ఒకే దుప్పటి. అతనిది పగటి డ్యూటీ, నాది రాత్రి డ్యూటీ. తాళంచెవి ఇటుక కింద ఉండేది. ఆదివారం అతను జోగిపేట దగ్గర వాళ్ల ఊరికి పోయేవాడు. ఆరు నెలల్లో మేం మాట్లాడుకున్నది పది మాటలుండవు. కోస్తా నుంచి ఒంటరిగా వచ్చినవాణ్ణి, నాతో నోరు విప్పే మనిషి లేడు. ఎవరైనా వచ్చి తిట్టినా బాగుండుననిపించేది.

ఒక పొద్దున డ్యూటీ దిగి వస్తుంటే ఫ్యాక్టరీ వెనక గోడవారన నాగజెముడు పొద కనబడింది. చుక్క నీళ్లులేని మొరంనేలలో నడుమెత్తు పెరిగింది. దళసరి మట్టల అంచున ఎర్రటి పండ్లు. పెద్ద ముళ్లు కనబడుతూనే ఉన్నాయి కదా, వాటిని తప్పించి రెండు చేతులా కోసుకుని అక్కడే తిన్నాను. నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను. పండు మీద కంటికి ఆనని ముళ్ల నూగు ఉంటుందని కాలవగట్టున పెరిగినవాడికి ఏం తెలుస్తుంది? గదికొచ్చి దుప్పటి ముసుగుతన్ని పడుకున్నాను. లేచేసరికి అరచేతులు భగ్గుమంటున్నాయి. అలాగే డ్యూటీకి పోయాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి తలుపు తీసి ఉంది. అతను మంచం మీద మెడ గోక్కుంటూ కూర్చున్నాడు. నా చేతుల నూగు దుప్పటికీ పట్టిందన్నమాట. గది ఖాళీ చేయమంటాడేమో, ఆ పది మాటలూ పోతాయేమోనని గడప దగ్గరే ఆగిపోయాను.

“దుప్పట్ల ఏం తెచ్చి పోసినవన్నా? కన్ను మూతపడలే. ఇయ్యాల డ్యూటీకి గూడ పోలే.”

చేతులు చూపించి సంగతి చెప్పాను.

“ఉత్త చేతులతోని తెంపినవా? నేలకేసి పొర్లించి, నూగు పోయినంక గదా తింటరు,” అని నవ్వాడు. “ముల్లును ముల్లుతోని తీస్తరు. గీ నూగును దేనితోని తీద్దాం?”

అతను ప్యాకింగులో పనిచేసేవాడు. సంచిలోంచి టేపు చుట్ట తీసి, నన్ను గడపలో ఎండకు కూర్చోబెట్టి, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్కో వేలికి టేపు అంటించి లాగాడు. తర్వాత అతని మెడకు నేను లాగాను. మళ్లీ నా రెండో చెయ్యి. మధ్యలో వాళ్ల బర్రె ఈనిన సంగతి చెప్పాడు.

“ఇంకున్నయా?” అని అడిగాడు.

మంట ఎప్పుడో తగ్గిపోయింది. “ఉన్నాయి,” అన్నాను.

అతను నా అరచెయ్యి ఎండకు తిప్పి చాలాసేపు చూశాడు. మరో టేపు ముక్క చించాడు.