నీలం మూత డబ్బా

ఆ రోజుల్లో ఎవరితోనూ మాట్లాడకుండా బతకడం ఒక గొప్ప అనుకునేదాన్ని. పూణేలో మొదటి ఉద్యోగం, హాస్టల్ గది, తలగడ పక్కన నాలుగు నవలలు. అక్కడున్న మన కృష్ణా జిల్లా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నన్నెవరో చేర్చారు. అద్దె గది కావాలన్నా, రక్తం కావాలన్నా, ఆస్పత్రిలో తోడుండే మనిషి కావాలన్నా అందరూ అందులోనే అడిగేవారు, ఎవరో ఒకరు వెళ్ళేవారు. నేను మాత్రం ఏడాదిపాటు చదవడమే తప్ప ఒక్క ముక్క రాయలేదు. ఊరికి వెళ్ళేవాళ్ళు ముందుగా చెప్పి, తిరిగొచ్చేటప్పుడు మిగతావాళ్ళ సామాను తీసుకురావడం ఆ గ్రూపు ఆచారం. ఒకసారి సెలవు దొరికి, ‘విజయవాడ వెళ్తున్నాను, ఎవరికైనా ఏమైనా కావాలంటే చెప్పండి’ అని నేనూ రాశాను. (భోంచేసి వెళ్ళండి అంటాం చూడండి, ఆ వరసలోనే.) పదకొండు మంది చెప్పారు.

భవానీపురంలో మా ఇంటికి రెండు రోజులు జనం వస్తూనే ఉన్నారు. గోంగూర, కందిపొడి, నెయ్యి, ఎవరి పాపకో కొండపల్లి బొమ్మలు. ఆఖరున ఉయ్యూరు నుంచి ఒకాయన వచ్చి, చిన్న పొట్లం చేతిలోనే పెట్టుకుని కాసేపు నసిగాడు. “మా అమ్మ పళ్ల సెట్టండీ. అన్నయ్య తొందరపెడితే గ్లాసులోనే వదిలేసి రైలెక్కేసింది. ఆదివారం చర్చి అయ్యాక మనవరాలి ప్రధానం. ప్రార్థన చేయాల్సింది అమ్మే. పళ్ళు లేకుండా గదిలోంచి రానంటోందంట.” ఆ అన్నయ్యగారే మా గ్రూపు అడ్మిన్.

నూనె కారుతున్న పొట్లాలు చూసి అమ్మ ఊరుకోలేదు. పదకొండు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, అన్నీ వాటిలోకి మార్చి, మూతలకి టేపు వేసింది. “ఇదిగో, చెప్తున్నా విను. ఎర్రమూత కందిపొడి. పచ్చమూత గోంగూర…” నేను ఊఁ అన్నాను. ప్రతి మూతకీ ఊఁ అన్నాను. నా చేతిలో నవల ఉంది, కథ మంచి పట్టులో ఉంది.

శనివారం మధ్యాహ్నం పూణేలో అడ్మిన్ గారింట్లో అందరూ వచ్చి నిలబడ్డారు. ఏది ఎవరిదో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటం. అమ్మకి ఫోన్ చేసి అడగడానికి అంతకన్నా మొహమాటం. మొహం చూసి డబ్బా ఇచ్చేశాను. అందరూ వెళ్ళాక అడ్మిన్ గారు తనకి మిగిలిన డబ్బా విప్పారు. నిమ్మకాయ పచ్చడి.

లోపలి గదిలోంచి మామ్మగారు, “వచ్చాయా?” అన్నారు.

“దారిలో ఉన్నాయమ్మా,” అన్నారాయన, నా వైపు చూస్తూ.

ఈలోగా గ్రూపు నిండిపోయింది. ‘మాకు నెయ్యి రావాలండీ, బొమ్మలొచ్చాయి.’ ‘మాది కందిపొడి, గోంగూర వచ్చింది. బావుంది, తినేశాం.’ పళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు. అడ్మిన్ గారు నన్నేమీ అనకుండా, అమ్మ నంబరు అడిగి తీసుకుని గ్రూపులో చేర్చారు. ఐదు నిమిషాల్లో వాయిస్ మెసేజ్‌లో అమ్మ గొంతు వినిపించింది.

“నమస్కారమండీ. ఆవిడగారివి నీలం మూత డబ్బాలో ఉన్నాయండీ. నీళ్ళల్లో పెట్టాను, తిరగేయొద్దు. మా అమ్మాయికి అన్నీ చెప్పాను. ఊఁ కొట్టింది గానీ వినలేదండీ, దాని చేతిలో పుస్తకముంది.”

(రెండొందల మంది విన్నారు.)

కాసేపటికి ఊరి అటుచివర ఉండే ఒకతను రాశాడు. ‘నీలం మూత మా దగ్గరుందండీ. గోంగూర అనుకుని ఫ్రిజ్‌లో పెట్టాం. విప్పలేదు. రేపు చుట్టాలొస్తున్నారు, వాళ్ళకి వడ్డిద్దామని.’

ఆదివారం పొద్దున ఆ డబ్బా ముగ్గురి బైకులు మారి, చర్చి గంటకి ముందే వచ్చింది. మామ్మగారు గదిలోంచి వచ్చారు. ఆవిడ ప్రార్థన వధూవరుల దగ్గర మొదలై, బండ్లు నడిపినవాళ్ళ మీదుగా, “పుస్తకం చదువుకునే ఆ బిడ్డకి వినే చెవులు దయచేయి తండ్రీ” దాకా వెళ్ళింది. చల్లారిపోతున్న బిర్యానీ వైపు చూస్తూ మగపెళ్ళివారు ఓపిగ్గా ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా నేనన్నాను.

అమ్మ ఇక ఆ గ్రూపు వదల్లేదు. పూణే వెళ్ళే ప్రతి సంచీ మా భవానీపురం వరండాలోనే సర్దేది, ఏ మూత ఎవరిదో గ్రూపులోనే చెప్పేది. నేను ఉద్యోగం మారి విజయవాడ వచ్చేశాను. పోయినేడు అమ్మ పోయింది. పూణే నుంచి ఎవరెవరో పలకరించడానికి మా ఇంటికి ఫోన్ చేసి, తమ పేరు చెప్పకుండా, “మాది పచ్చమూతండీ” అన్నారు. అమ్మ నంబరుని గ్రూపులోంచి ఎవరూ తీయలేదు.

ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతుంటారు, ‘విజయవాడ నుంచి ఎవరైనా వస్తున్నారా’ అని. అప్పుడు గ్రూపులో వెనక్కి వెళ్ళి అమ్మ పాత వాయిస్ మెసేజ్‌లు తెరుస్తాను. చేతిలో పుస్తకం మూసి పక్కన పెడతాను. అమ్మ చెబుతుంటుంది. ప్రతి మూతకీ ఊఁ అంటాను.