బ్రాక్‌వే గారికి తలుపు నచ్చలేదు

థాడియస్ బ్రాక్‌వే గారికి ఉన్నది ఒకటే జబ్బు, కోపం. మనకు ఆవలింత వచ్చినంత తేలిగ్గా ఆయనకు కోపం వస్తుంది. కాఫీ వేడిగా ఉంటే నోరు కాల్చడానికి కుట్ర పన్నారంటారు. చల్లారితే ముసలివాడంటే లోకువంటారు. సరిగ్గా ఉందనుకోండి, "ఇవాళేమిటి ఇంత శ్రద్ధ? నాతో ఏం పని పడింది?" అని కళ్ళెర్రజేస్తారు.

అలాంటి మనిషి చేత భోజనాల వేళలోపు ఒక్క షాటు చేయించాల్సిన ఖర్మ బర్‌బ్యాంక్ స్టూడియోలో సహాయ దర్శకురాలు రెనాటా కోల్బ్‌కి పట్టింది.

ఒకప్పుడు బ్రాక్‌వే గారు అంతరిక్ష నౌకలో డాక్టరుగా వేసిన సినిమాలు జనం విరగబడి చూశారు. ఇప్పుడు అదే కథను కొత్తవాళ్ళతో తీస్తూ, అభిమానులు ఈలలు వేస్తారని పాతవాళ్ళను తలా ఒక్క నిమిషం చూపిస్తున్నారు. ఆయన పని నౌక తలుపు ముందు ఆగడం, తలుపు తెరుచుకున్నాక "ఇంకా బతికే ఉన్నారా మీరంతా?" అనడం. అంతే. ఆ ఆగడమంటే అభిమానులకు ప్రాణం. ఆ క్షణంలో డాక్టరుగారు మనిషి చావుపుట్టుకల గురించి ఆలోచిస్తారని వాళ్ళ నమ్మకం.

"యాక్షన్!" అన్నాడు దర్శకుడు.

ఆయన వచ్చారు, ఆగారు, మడమతో నేలను తన్నారు. మోటారు తలుపు సుయ్‌మని తెరుచుకుంది.

"ఛీ! ఇదీ ఒక తలుపేనా?"

"ఏమైంది సార్?" అంది రెనాటా.

"నేనింకా ఆగనేలేదు, అప్పుడే తెరుచుకుంది! సిగ్గూ శరమూ లేని తలుపు!"

సెట్టువాళ్ళు మోటారు వేగం తగ్గించారు. "ఇది తలుపా, నత్తా?" అన్నారాయన. పెంచారు. "నన్ను చంపేద్దామనా?" అన్నారు. ఈలోగా కోటు బిగుతుగా ఉందని ఒకరిని, కుర్చీ కిర్రుమంటోందని ఇంకొకరిని దులిపేశారు.

రెనాటాకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ సెట్టు పడగొట్టేస్తారు. భోజనాలలోపు షాటు రాకపోతే డాక్టరు పాత్రనే ఎత్తేస్తానని దర్శకుడు చెప్పేశాడు. ఆమె చేతిలోని ఫోనును కుర్చీలోకి విసిరికొట్టింది.

"బ్రాక్‌వే గారూ! మీకెలాంటి తలుపు కావాలో చెప్పి చావండి!"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఎదురు తిట్టేవాళ్ళంటే ఆయనకు గౌరవం.

"అలా అడుగు! వెనక మనిషి నిలబడి తాడు పట్టి లాగే తలుపు కావాలి. అప్పట్లో మాకు మోటార్లెక్కడివి? నేనిటు మడమతో తన్నితే, అటు ఎల్రాయ్ లాగేవాడు."

"మావాళ్ళలో ఎవరో ఒకరు లాగుతారు."

"వీళ్ళ మొహం! వీళ్ళకి తాడంటే తెలుసా? నాకు ఎల్రాయ్ డంకెలే కావాలి. పక్కనే గ్లెండేల్‌లో ఉంటాడు, కారు పంపు. వాడు రాకపోతే నేను చెయ్యను, ఇక్కణ్ణుంచి కదలను కూడా!"

రెనాటా పళ్ళు నూరుకుంటూ కారు పంపింది. వడ్రంగులు గొణుక్కుంటూ మోటారు ఊడదీసి తాడు కట్టారు.

ఎల్రాయ్ నున్నగా గడ్డం గీసుకుని, టై కట్టుకుని, చేతులకు పాత తోలు గ్లవుజులు తొడుక్కుని కారు దిగాడు.

"నిజంగా నన్నే పిలిచారామ్మా?" అన్నాడు.

"మిమ్మల్నేనండీ."

"పాతవాళ్ళందర్నీ పిలుస్తున్నారని టీవీలో చెప్పారు. తెరమీద కనబడ్డవాళ్ళనే కదా పిలుస్తారు, నా మొహం ఎవరు చూశారు గనక? పోయిన ఆదివారం మీ బ్రాక్‌వే, మా థాడ్‌గాడితో ఇదే అన్నాను. మా ఆవిడ పోయాక నా దగ్గరికొచ్చేది వాడొక్కడే. ఆ మాటకే ఇంతెత్తున లేచాడమ్మా! తినే కేకు కూడా వదిలేసి వెళ్ళిపోయాడు."

రెనాటా తల తిప్పి చూసింది. బ్రాక్‌వే గారు ఎవరినో కాఫీ గురించి చీవాట్లు పెడుతున్నారు. ఆమెకు ఎందుకో ఇక కోపం రాలేదు.

"యాక్షన్!"

ఆయన వచ్చారు, ఆగారు, మడమతో తన్నారు. తలుపు కదల్లేదు. మళ్ళీ తన్నారు. చావుపుట్టుకల గురించి ఆలోచిస్తున్నట్టు తలుపు వంక చూస్తూ నిలబడ్డారు. ఇన్నేళ్ళూ అభిమానులు మురిసిపోయిన ఆలోచన ఏమిటో రెనాటాకి అప్పుడర్థమైంది. ఆయన ఎల్రాయ్ కోసం ఎదురుచూస్తున్నారు, అంతే.

చివరికి ఓపిక నశించి అడుగు ముందుకేశారు. ముక్కు టప్పున తగిలింది. అప్పుడు తెరుచుకుంది తలుపు.

"ఒరేయ్ ఎల్రాయ్! ఇంకా బతికే ఉన్నావట్రా, దరిద్రుడా?"

"నువ్వే తొందరపడ్డావురా! ఏనాడైనా కుదురుగా నిలబడ్డావా?" అని తలుపు వెనక నుంచి కేక వినిపించింది.

సెట్టంతా గొల్లున నవ్వింది. "ఇదే ఉంచేద్దాం!" అన్నాడు దర్శకుడు, కళ్ళు తుడుచుకుంటూ.

రెనాటా స్వయంగా కాఫీ కలిపి పట్టుకెళ్ళింది. "సార్, ఆ మోటారు తలుపులో లోపమేమీ లేదు కదూ?"

"నీకెందుకు?" అని ఆయన కసిరారు. ఒక గుక్క తాగి ఆగిపోయారు. "కాఫీ సరిగ్గా ఉందే! నాతో ఏం పని పడింది?"

"ఇంకోసారి చేద్దామని ఎల్రాయ్ గారు అడుగుతున్నారు. ఈసారి టైముకి లాగుతారట."

"లాగడు," అన్నారు బ్రాక్‌వే గారు, ముక్కు తడుముకుంటూ లేచి.