సోమక్క నిలువెత్తు బంగారం

కట్టయ్యకు బీడీ అలవాటు లేదు, కల్లు అలవాటు లేదు, పేకముక్క చేత్తో ముట్టి ఎరగడు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. టీవీలో ఎవరికి కష్టం వచ్చినా సరే, వరంగల్ కొత్తవాడలో తన ఇంట్లో కూర్చుని వాళ్ల తరఫున దేవుడికి మొక్కేస్తాడు. వాళ్లెవరో ఈయనకు తెలియదు. ఈయనెవరో వాళ్లకు అసలే తెలియదు. అయినా అక్కడ ఎవరి కళ్లలోనైనా నీళ్లు తిరిగాయంటే ఇక్కడ ఈయన రెండు చేతులూ జోడించాల్సిందే.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, కరోనాతో వచ్చింది. అంతకుముందు ఆయన పొద్దంతా మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. టీవీ భార్య భాగ్యమ్మ సొత్తు. అందులో ఏమొస్తుందో అడిగిన పాపాన కూడా పోలేదు. లాక్‌డౌన్ పెట్టారు, నూలు ఆగింది, మగ్గం ఆగింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆడిన చేతులు ఊరికే ఉంటాయా? రిమోట్ పట్టుకున్నాయి. ఇంకేముంది, కొంప మునిగింది.

మొదటి మొక్కు ఒక కేకు కోసం. ఏదో ఇంగ్లీషు వంటల పోటీలో తెల్లజుట్టు పెద్దావిడ పొయ్యి ముందు కూర్చుని గాజుతలుపులోంచి లోపలికి చూస్తోంది. కేకు పొంగడం లేదు. పక్కవాళ్లవన్నీ పొంగిపోయాయి. కట్టయ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"తల్లీ భద్రకాళీ! ఆ పెద్దమ్మ కేకు పొంగితే నీకు కొబ్బరికాయ కొడ్త!"

భాగ్యమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఎవలయ్యా ఆ పెద్దమ్మ?"

"ఎవలో. పాపం, ఒక్కతే ఉంటదట."

"గుడికి తాళమేసిండ్రు. యాడ కొడ్తవు కొబ్బరికాయ?"

"తాళం తీసినంక కొడ్త. అమ్మవారికేం తొందర?"

కేకు పొంగింది. అంతే, ఆ రోజు నుంచి కట్టయ్యకు పట్టపగ్గాల్లేవు. జంతువుల ఛానల్లో పులి జింకను తరుముతుంటే జింక బతకాలని ఐనవోలు మల్లన్నకు ఒక కాయ మొక్కాడు. కాసేపటికి పులిపిల్లలు ఆకలితో మూలుగుతూ కనిపించాయి. వెంటనే పులికి తిండి దొరకాలని ఇంకో కాయ మొక్కాడు.

"ఒక్క దేవునికి రెండు తీర్ల మొక్కితే ఆయన ఏం చేస్తడయ్యా? నీకు జరన్న సోయి ఉన్నదా?" అని భాగ్యమ్మ నెత్తి కొట్టుకుంది.

"చూస్తుండు."

మల్లన్న మహిమ ఏమో గాని జింక తప్పించుకుంది, పులికి అడవిపంది దొరికింది. కట్టయ్య భార్య వైపు ఒక చూపు చూశాడు. రెండు కాయలు బాకీ పడ్డందుకు ఇంత గర్వపడిన మనిషిని ఆమె అంతవరకు చూడలేదు.

కొడుకు మహిపాల్ ఒకసారి నచ్చజెప్పబోయాడు. ఆ రోజు క్రికెట్ నడుస్తోంది, కట్టయ్య చేతులు జోడించి ఉన్నాడు.

"బాపూ, ఇది పాత ఆట. ఎన్నడో గెలిచిండ్రు."

"గెలిచిండ్రా?"

"గెలిచిండ్రు."

"మరింకేంది? నా మొక్కు ఫలించినట్టే గద!"

మహిపాల్ ఆ తరువాత ఈ సంగతి ఎత్తలేదు.

ఈ తమాషా అంతటినీ అందరికంటే ఎక్కువ ఆసక్తిగా గమనించింది కోడలు సుకన్య. ఆమె దవాఖానలో నర్సు, డ్యూటీ కరోనా వార్డులో. ఇంటికి రాగానే పెరట్లోనే స్నానం చేసి, ఎవరికీ తగలకుండా మేడ మీది అర్రకు వెళ్లిపోయేది. అన్నం తినేటప్పుడు మెట్ల మీద కూర్చుని కిందినుంచి వినిపించే మొక్కులు వినేది. పెళ్లయి ఇన్నాళ్లయినా మామ ఆమెతో మాట్లాడింది బహు తక్కువ. ఆమె "తిన్నరా మామా?" అంటే ఆయన "ఊఁ" అనేవాడు. ఆయన బయటికి పోతూ "ఊఁ" అన్నాడంటే తలుపేసుకొమ్మని అర్థం. అలాంటి మనిషి కేకు కోసం, పులి కోసం ఇంత గొంతు చించుకుంటున్నాడేమిటి? ఇన్ని మాటలు ఇన్నాళ్లూ లోపల ఎక్కడ పెట్టుకున్నాడు? సుకన్యకు అదే అంతుపట్టలేదు.

మరుసటి ఏడు వేసవిలో మళ్లీ లాక్‌డౌన్ పడింది. అప్పుడు దొరికింది కట్టయ్యకు అసలు సీరియల్. ఏదో సముద్రపు ఒడ్డు దేశానిది, మాటలు మాత్రం తెలుగులో పెట్టి వేసేవారు. అందులో ఒక పిల్ల రొట్టెల దుకాణం నడుపుతుంది. అత్త పెట్టని బాధ లేదు. ఆ పిల్ల పేరు కట్టయ్యకు నోరు తిరగలేదు.

"నేను సోమక్క అంట. గామెకేం తెలుస్తది?" అని తేల్చేశాడు. అత్తకు పేరే లేదు, ముసల్ది. లోకంలో అందరి కోసమూ మొక్కుతాడు గాని ఆ ముసల్దాని కోసం మాత్రం కొబ్బరికాయ కాదు కదా, కొబ్బరి చిప్ప కూడా మొక్కనని ఒట్టేశాడు.

సరిగ్గా అప్పుడే సుకన్యకు కరోనా అంటుకుంది. మేడ మీది అర్రలో మంచాన పడింది. తల బరువు, కళ్ల మంట, ఫోన్ వైపు చూస్తే వాంతి వచ్చేలా ఉంది. మహిపాల్ మూతికి రెండు మాస్కులు కట్టుకుని గడప దగ్గర గిన్నె పెట్టి వచ్చేవాడు. ఒంటరిగా పడుకుంటే వార్డులో చూసిన ముఖాలన్నీ కళ్ల ముందు తిరిగేవి. నేను కూడా అంతేనా, అని భయం వేసేది.

ఆ సాయంత్రం కింద వాకిట్లోంచి ఒక కేక వినిపించింది.

"సుకన్యా! సోమక్కను ఇంట్లకెల్లి ఎల్లగొట్టింది బిడ్డా ఆ ముసల్ది!"

సుకన్య ఉలిక్కిపడింది. మామ తనను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"సంచి పట్టుకొని ఓడరేవుకు పోయింది. గక్కడ ఎవలు కనవడ్డరో ఎర్కేనా?"

"ఎవలు మామా?" అంది కిటికీలోంచి సన్నగా.

"గక్కడ... అగో, యాడ్స్ అయిపోయినయ్! ఆగు బిడ్డా, ఒస్త!"

మళ్లీ యాడ్స్ వచ్చేదాకా రాడు. ఓడరేవులో ఎవరు కనిపించారో తెలియక సుకన్య అటూ ఇటూ పొర్లింది. చనిపోయిన తండ్రా? పాత స్నేహితుడా? వార్డులో చూసిన ముఖాలు పోయి ఓడరేవు మిగిలింది.

"జర పండుకోనియ్యరాదు బాపూ," అన్నాడు మహిపాల్.

"ఎవలు కనవడ్డరో తెల్వకుంట ఎట్ల పండుకుంటదిరా?"

అది నిజమే. రోజూ ఇదే వరస. యాడ్స్ వస్తే వాకిట్లోకి, యాడ్స్ అయిపోతే లోపలికి. ముసలి కాళ్లు మగ్గం మీద ఆడినట్టే ఆడేవి. వాడకట్టులో చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా గోడల దగ్గరికి వచ్చి వినేవారు.

ఒక సాయంత్రం సుకన్యకు ఊపిరి అందలేదు. వేలికి పెట్టుకున్న మిషన్‌లో అంకె దిగిపోతోంది. మహిపాల్ ఆక్సిజన్ సిలిండర్ కోసం బండేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు. కళ్లు మూసుకుని పడి ఉన్న సుకన్యకు కిందినుంచి మామ గొంతు వినిపించింది. 

"తల్లీ సమ్మక్కా! మా సోమక్క గట్టెక్కితే మేడారం వచ్చి ఆమె నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట!"

మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఆ బరువుకు సరిపడా బెల్లం తూచి తల్లికి అప్పగించాలి. కట్టయ్య ఇంట్లో అది కొబ్బరికాయలా మాటకొకటి మొక్కే మొక్కు కాదు. మహిపాల్‌ను చిన్నప్పుడు పాము కరిస్తే మొక్కారు, మళ్లీ ఎవరూ ఆ మాట నోట అనలేదు.

సుకన్య అంత ఆయాసంలోనూ చెవి రిక్కించింది. ఇప్పుడు అత్తమ్మ గరిటెతో వస్తుంది చూడు, అనుకుంది. ఒక కాయకే ఇల్లు పీకి పందిరేసే అత్తమ్మ మనిషెత్తు బెల్లానికి ఊరుకుంటుందా? కాని భాగ్యమ్మ కిక్కురుమనలేదు.

"సోమక్కకు... ఏమైంది మామా?"

 కట్టయ్య గబగబా కిటికీ కిందికి వచ్చాడు.

"జరమొచ్చింది బిడ్డా. ఏం ఫికర్ లేదన్నడు డాక్టరు. బోర్ల పండుకోమన్నడు, పండుకుంది. గంజి తాగుమన్నడు, తాగుతాంది. మొండి పిల్ల, గట్ల పోయే రకం కాదు."

ఆ దేశంలో గంజి కూడా కాస్తారా, అని సుకన్యకు ఆశ్చర్యం వేసింది. నర్సయి ఉండి కూడా తనకు తాను చెప్పుకునే ఓపిక లేదు ఆమెకు. సోమక్క చేస్తోందంటే మాత్రం చేయబుద్ధయింది. బోర్లా తిరిగి పడుకుంది. గడప దగ్గరి గంజి నాలుగు గుటకలు తాగింది. ఇంతలో మహిపాల్ సిలిండర్‌తో వచ్చాడు. అంకె మెల్లమెల్లగా పైకి ఎక్కింది.

సుకన్య కోలుకుంది, మెట్లు దిగింది. ఒళ్లు బాగయ్యాక చేసిన మొదటి పని ఆ సీరియల్‌ను ఫోన్‌లో మొదటినుంచి చూడటం. ఓడరేవు వచ్చింది, ముసల్ది వచ్చింది, అన్నీ వచ్చాయి. జ్వరం మాత్రం రాలేదు. మామ అంత పెద్ద మొక్కు మొక్కిన వారంలో సోమక్క నిగనిగలాడే బుగ్గలతో ఎవరి పెళ్లిలోనో గంతులేస్తోంది. ఏదో చూడకుండా వదిలేశానేమోనని మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ గంతులే.

"మామా, సోమక్కకు జరం ఎప్పుడొచ్చింది? నాకు యాడ కనవడ్తలేదు."

"ఫోన్‌ల కోసి చూపిస్తరు బిడ్డా. టీవీల మొత్తం ఏస్తరు," అని కట్టయ్య మగ్గం దగ్గరికి నడిచాడు. లాక్‌డౌన్ ఎత్తేశారు, నూలు వచ్చింది. సుకన్య మనసులో మాత్రం ఆ సందేహం రాయిలా కూర్చుంది.

కొబ్బరికాయల బాకీలన్నీ కట్టయ్య ఒక్కొక్కటే తీర్చాడు. పెద్దమ్మ కేకుకు, జింకకు, పులికి, పాత క్రికెట్టుకు. మాఘమాసం వచ్చింది, మేడారం జాతర దగ్గర పడింది. ఇంట్లో ఒకటే చర్చ, సోమక్క బరువెంత?

"ఆ దేశానికి ఫోన్ చేసి అడుగుదామా బాపూ?" అన్నాడు మహిపాల్.

"నవ్వుకో. మొక్కు మొక్కే," అన్నాడు కట్టయ్య.

బయలుదేరే ముందు నలుగురూ బెల్లం దుకాణానికి వెళ్లారు. పెద్ద తరాజుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. ముందున్న కుటుంబం తూచుకుని వెళ్లాక సేటు వీళ్లను రమ్మన్నాడు.

"ఎవల మొక్కు? కూసోవెట్టుండ్రి."

"ఆమె రాలేదు సేటూ. రొట్టెలు కాలుస్తాంది," అని మహిపాల్ నవ్వాడు.

కట్టయ్య నవ్వలేదు. భుజం మీది తువ్వాలతో తరాజు పళ్లెం తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"సుకన్యా, నువ్వు కూసో బిడ్డా."

"నేనా? సోమక్క సన్నగ ఉంటది మామా. లెక్క తప్పుతది."

"తప్పది. కూసో."

సుకన్య కదల్లేదు. ఇన్ని నెలల సందేహం ఇక ఆగలేదు. "ఆమెకసలు జరమే రాలేదు మామా. ఆ వారమంతా పెండ్లిల ఎగురుతాంది. మరి గంత పెద్ద మొక్కు ఎందుకు మొక్కిండ్రు?"

కట్టయ్య తల దించుకుని "ఊఁ" అన్నాడు.

"ఊఁ ఏంది ఊఁ? చెప్పరాదు! ఆ రోజు నేను నోరు మూసుకున్నది నువ్వు ఊఁ అంటవనా?" అని భాగ్యమ్మ గదమాయించింది.

"నీ అర్ర కిటికీ తెరిచి ఉండె గద బిడ్డా," అన్నాడు కట్టయ్య తరాజు వైపు చూస్తూ. "మన ఇంట్ల గా మొక్కు ఎప్పుడు మొక్కుతరో నీకెర్కే. మొక్కు నోటితోటి అనాలె. నీ పేరు మీద మొక్కితే నీ చెవుల పడ్తది. మా మామ నా పానం మీద ఆశ ఇడిసిండని బుగులు పడ్తవు. అందుకే సోమక్క పేరు చెప్పిన. నేను ఎవల కోసం మొక్కుతాన్ననో తల్లికి తెల్వదా?"

 ఊఁ అనే మామ, యాడ్స్ మధ్య పరుగెత్తే మామ, గంజి తాగే విదేశీ సోమక్క, అన్నీ సుకన్యకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.  వెళ్లి తరాజులో బుద్ధిగా కూర్చుంది.

సేటు రెండో పళ్లెంలో బెల్లం పేర్చాడు. కట్టయ్య జ్వరం నాటి సుకన్యను తలుచుకుని చెప్పిన అందాజా లెక్క అది. తరాజు ఉలకలేదు, పలకలేదు.

"నా చేతి తిండి!" అంది భాగ్యమ్మ మెరిసిపోతూ.

"ఎయ్యి సేటూ, ఇంక ఎయ్యి!" అని కట్టయ్య ఇంతకుముందెన్నడూ లేనంత హుషారుగా అరిచాడు. సుకన్య సిగ్గుతో కొంగు మూతికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఎట్టకేలకు పళ్లేలు రెండూ సమానమయ్యాయి. కట్టయ్య ఇంకో బెల్లం ముద్ద తెచ్చి పైన పెట్టాడు.

"సరిపోయింది గద మామా. ఇదెవలికి?"

"సోమక్కకు. ఆ పిల్ల పేరు వాడుకున్నం. ఆమెకు ఏం ముట్టజెప్పకుంటే ఎట్ల?"

"మరి ఆ ముసల్దానికి?" అంది సుకన్య.

కట్టయ్య ముఖం చిట్లించాడు. ఒట్టు గుర్తొచ్చినట్టుంది. కాసేపు ఆలోచించి, అటూ ఇటూ చూసి, కింద రాలిపడ్డ చిన్న బెల్లం ముక్క ఏరి పళ్లెంలో వేశాడు.

"కొబ్బరికాయ అయితే కాదు గద," అన్నాడు.