శనివారం పుట్టగొడుగులు

ఈ ఉదయం జనగామ కూరగాయల మార్కెట్‌లో యాదమ్మ గంపనిండా పుట్టగొడుగులు మిగిలిపోయాయి. శనివారం నీసు ముట్టనివాళ్లు వాటిని కొనాలా వద్దా అని తటపటాయిస్తున్నారు. సాయంత్రానికి అవి నల్లబడతాయి.

అక్కడే వంకాయలు ఏరుతున్న డిగ్రీ కాలేజీ జీవశాస్త్రం లెక్చరర్‌ను ఒకామె అడిగింది. "సారూ, గివి చెట్టు జాతేనా?"

"కాదమ్మా. మొక్కల కంటే జంతువులకే దగ్గర."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏంది సారూ, నా బేరం ఖరాబ్ చేస్తివి!" అంది యాదమ్మ.

లెక్చరర్ ఇబ్బందిపడి, మిగతాది కూడా చెప్పాడు. శాస్త్రవేత్తలు జీవులన్నింటినీ మూడు పెద్ద విభాగాలు చేశారు. బ్యాక్టీరియా ఒకటి, వాటిలాగే కనిపించే ఆర్కియా మరొకటి. కణంలో కేంద్రకం ఉన్నవన్నీ మూడోది. వరి, కోడి, పుట్టగొడుగు, మనిషి అందులోనే ఉన్నాయి.

యాదమ్మ వెంటనే అందుకుంది. "ఇన్నవా అక్కా? వరి, కోడి ఒక్క ఇంటియేనట. మరి పొద్దుగాల బువ్వ తినలేదా?"

ఆమె పకపకా నవ్వి అరకిలో తూయించుకుంది. నేనూ పావుకిలో తెచ్చాను. కూర బాగా కుదిరింది. శనివారం నీసు ముట్టని మా ఆవిడకు మూడు విభాగాల సంగతి చెప్పాను, జంతువులకు దగ్గరన్న ముక్క మాత్రం తిన్నాకే చెప్పాను. విలేకరిగా ఇన్నేళ్లలో వార్త ఇంత ఆలస్యంగా ఇవ్వడం ఇదే మొదలు. మీరైతే ఎప్పుడు చెప్పేవారు?