లొరైన్ ఫారంలో రాసిన అబద్ధం

మా ఊళ్లో ఎవరినైనా "ఎలా ఉన్నారు?" అని అడిగి చూడండి. "పర్లేదు" అంటారు. కాలికి పిండికట్టుతో కుంటుతున్నవాడిదీ అదే మాట, పొద్దున్నే మొగుణ్ణి సమాధి చేసి వచ్చిన ఆవిడదీ అదే మాట. ఇంగ్లండు ఉత్తరాన మిల్లులు మూతబడ్డ ఊరు మాది. కష్టం చెప్పుకోవడమంటే ఇక్కడ నలుగురిలో బట్టలు విప్పుకున్నంత సిగ్గు. ఈ పాడు అలవాటే లొరైన్ సట్‌క్లిఫ్ కొంప ముంచింది.

లొరైన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించే మనిషి. రెండువందల మందికి బంగాళాదుంపల ముద్ద వేస్తూనే, ఎవడు బఠాణీలు జేబులో దాస్తున్నాడో కనిపెట్టేస్తుంది. ఆమె కొడుకు కీరన్‌కు ఏడేళ్లు. ఇంకా మాటలు రాలేదు. మోటారు సైకిల్ చప్పుడు వినబడితే చాలు, చెయ్యి విదిలించుకుని దాని వెంట పడతాడు. ఎదురుగా లారీ వస్తున్నా వాడికి పట్టదు. అందుకే, ఎక్కడికెళ్లినా గుమ్మం పక్కనే కారు ఆపుకోనిచ్చే నీలం కార్డు కోసం లొరైన్ కౌన్సిల్‌కు ఫారం పెట్టింది.

మంగళవారం జవాబు వచ్చింది. "మీ అబ్బాయి ఎవరి సాయమూ లేకుండా నడవగలడు. ఇబ్బంది లేకుండా నెట్టుకొస్తున్నట్టు మీరే తెలియజేశారు. కార్డు ఇవ్వలేము."

లొరైన్ ఉత్తరాన్ని బల్లకేసి కొట్టింది. "నడవగలడట! నడవడమేంటమ్మా, గుర్రంలా పరిగెడతాడు! అదే కదా నా ఏడుపు!"

ఆమె తల్లి మార్జరీ టీలో పాలు పోస్తూ తలెత్తలేదు. "అరిచి ఏం లాభం? ఇంతకీ ఆ ఫారంలో ఏం తగలేశావు?"

లొరైన్ నకలు తీసి చూసింది. ముఖం మాడిపోయింది. పిల్లవాణ్ణి బయటికి తీసుకెళ్లడం ఎలా ఉంటుంది అని అడిగినచోట తన చేతిరాతే ఉంది: "పర్లేదు, నెట్టుకొస్తున్నాం."

"ఛీ! నా చేతులు విరగ్గొట్టాలి!"

మళ్లీ పరిశీలించమని అడగడానికి నెల గడువుంది. శనివారం పొద్దున్నే లొరైన్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఈసారి ఏదీ దాచలేదు. కూరగాయల కొట్టు ముందు వాడి నడుముకు తన బెల్టు కట్టి పట్టుకున్న రోజు, పెనుగులాడుతున్నవాణ్ణి కార్ల మధ్య నుంచి మోసుకెళ్లి నడుం పట్టేసిన రోజు, అన్నీ రాసింది. రాస్తుంటే కన్నకొడుకు మీద తనే చాడీలు చెబుతున్నట్టనిపించి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రాసింది.

"ఇంట్లో సంగతులన్నీ ఆఫీసుల్లో పరచడం ఎందుకే?" అంది మార్జరీ. "నాతో వచ్చినప్పుడు బంగారంలా ఉంటాడు."

"నీకేం, బాగానే చెబుతావు. నువ్వు తీసుకెళ్లడం మానేసి ఎన్నాళ్లయింది?"

"మోకాళ్ల నొప్పులే తల్లీ, ఏం చెయ్యను?"

నిజమే. రెండేళ్లపాటు ప్రతి గురువారం మనవణ్ణి మాటలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి తన కారులో తీసుకెళ్లింది మార్జరీయే. మార్చి నుంచి మోకాళ్లంటూ మానేసింది. అప్పటి నుంచి లొరైన్ గురువారాలు సెలవు పెట్టాల్సి వస్తోంది.

పది రోజుల తర్వాత కౌన్సిల్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. లొరైన్ అంట్లు తోముతూ ఉంది, మార్జరీ టీ పెడుతోంది. చేతులు తడి అని ఫోన్ బల్ల మీదే పెట్టి స్పీకరు నొక్కింది.

"మొదటి ఫారంలో పర్లేదన్నారు. ఇప్పుడేమో ఇలా రాశారు. ఏది నిజమండీ?"

"మొదటిది అబద్ధం," అంది లొరైన్. "మీదీ ఈ ఊరేనా? అయితే చెప్పండి, మీ అమ్మ ఎప్పుడైనా బాలేదని నోరు తెరిచి చెప్పిందా?"

అవతల ఆవిడ కాగితాలు తిరగేసింది. "అది కాదండీ. బండి కింద పడబోయిన సంఘటన ఏదైనా ఉందా? మీరు కాకుండా వేరేవాళ్లు చూసినది?"

లొరైన్ తోముతున్న గిన్నె వదిలేసింది. వాడి చెయ్యి వదలకుండా పట్టుకుని పట్టుకుని, ఆ ఒక్కటీ జరగనివ్వలేదు తను.

"నేను చూశాను," అంది మార్జరీ.

టీ కెటిల్ కింద పెట్టి ఫోన్ దగ్గరికి జరిగింది. "వాడి అమ్మమ్మని. రాసుకో అమ్మాయ్. మార్చి ఏడు, గురువారం, ఆసుపత్రి ముందు. నా చెయ్యి జారిపోయింది. రొట్టెల వ్యాను వాడి కోటుకు ఆనుకుని ఆగింది. ఇంకో జానెడు ముందుకొస్తే వాడు లేడు. ఆ డ్రైవరు దిగి అక్కడే వాంతి చేసుకున్నాడు పాపం. అతని ఫోన్ నంబరు నా దగ్గరుంది, కనుక్కో. ఇంటికొచ్చాక ఎలా ఉన్నాడమ్మా అని మా అమ్మాయి అడిగితే, పర్లేదన్నాను."

మార్జరీ ఫోన్ మీదికి ఇంకా వంగింది. "ఇంకా కార్డు ఇవ్వలేమన్నారో, వచ్చి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుంటా. నా మోకాళ్లకేం రోగం లేదు. ఎప్పుడూ లేదు."

ఫోన్ పెట్టేశాక లొరైన్ తడి చేతులతోనే తల్లి చెయ్యి పట్టుకుంది. కోపం రావాల్సింది. రాలేదు.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాలేదే," అంది మార్జరీ. "మార్చి నుంచీ అస్సలు బాలేదు."

పన్నెండో రోజున నీలం కార్డు వచ్చింది. ఆ గురువారం కీరన్‌ను ఆసుపత్రికి తీసుకెళ్లింది అమ్మమ్మే.