దేవుణ్ణి కసిరిన అవ్వ

ఆ గొర్రెల కాపరి అవ్వ దేవుడికి మొక్కడం నేను చూడలేదు, కసరడమే చూశాను.

తాండూరుకు వెళ్తున్న మా బస్సు, ఆ రోజుల్లో బొగ్గుతో నడిచేది, అనంతగిరి గుట్ట దాటగానే ఆగిపోయింది. అంతలోనే రాళ్లవాన! వడగళ్ల దెబ్బకు బస్సు పైకప్పు గుడ్డ చిరిగిపోయింది. నా ఒళ్లోని నెలల పిల్ల చలికి ఏడుపే మానేసింది. మేమంతా దేవుడికి దండాలు పెడుతుంటే, దారి పక్కన గొర్రెలు మేపుతున్న అవ్వ మందను మా దగ్గరికి తోలుకొచ్చింది.

"గొర్ల నడుమ కూసోండ్రి, జల్ది!"

నా పిల్లను గొంగడిలో చుట్టి, ఒక గొర్రె పొట్టకు ఆనించింది. తలెత్తి ఆకాశాన్ని గద్దించింది.

"రాళ్లేసుడేనా? జర గీ పోరిని సూడు!"

ఆ వెచ్చదనానికి పిల్ల ఒక్కసారిగా కేరుమంది! అందరం ఏడుస్తూ నవ్వేశాం. రాళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. అవ్వ మాత్రం మీదికి చూసి తలాడించింది.

"ఆఁ, గట్ల రా దారికి!"