పెద్దమ్మ జునిపర్ కొమ్మలు

మార్కాపురం నర్సరీలో నాతో పాటు పనిచేసిన ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పుల్లలచెరువు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాటిన కొమ్మకు వేళ్ళు వచ్చాయో లేదో ఎవరినీ లాగి చూడనిచ్చేది కాదు. "ఊరికే ఉండవే, దాని పని అది చేసుకుంటాది" అనేది.

ఒకరోజు మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళ ముందే నర్సరీ యజమాని ఆమె సంచి నేలమీద బోర్లించాడు. కత్తిరించి పారేసిన, జునిపర్ అనే అలంకరణ మొక్క కొమ్మలు తప్ప అందులో ఏమీ లేవు. అయినా "దొంగదానా, పో" అని గేటు చూపించాడు. ఆమె ఒక్కో కొమ్మా ఏరుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా నేనూ పని మానేసి, ఆమెతోనే ఉండి పనిచేద్దామని ఆమె ఇంటికి వెళ్ళాను.

అప్పటికే ఆ కొమ్మల కింది ఆకులు దూసి, మొదళ్ళు కలబంద గుజ్జులో ముంచి, తడి ఇసుకలో గుచ్చి నీడన పెట్టింది. నెలలకు గానీ వేళ్ళు రాలేదు. అవి పెరిగాక వాటి కొమ్మలూ కత్తిరించి మళ్ళీ మళ్ళీ నాటాం.

మూడో ఎండాకాలంలో యజమాని మొక్కలన్నీ మాడిపోయాయి. జునిపర్ మొక్కలు కావాలని ఒక కాలేజీ ఇచ్చిన ఆర్డరు చేతిలో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"పెద్దమ్మా, ఉన్నకాడికి ఇయ్యి."

"నీకు పుల్ల కూడా ఇయ్యను. నీ మొక్కలు మాడినాయని తెలిసి కాలేజీవాళ్ళను నేనే పిలిపించినా. పొద్దున్నే వచ్చి తీసకపోయినారు."

అతను తలవంచుకుని పోయాడు. నా కడుపు చల్లబడింది. పెద్దమ్మ కూడా నవ్వుతుందనుకున్నాను.

"పొదిలిలో వాడి దగ్గర కొనే బేరగాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళకూ మనమే మొక్కలు ఇయ్యాల. కత్తెర తే" అంది.